కామెర్లకి నేల ఉసిరి: ఎవరు పరీక్షించారు, ఏం తేలింది?

వానలు మొదలై రెండు నెలలయ్యేసరికి ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో కామెర్ల సంగతి, పసరు సంగతి తప్పకుండా ఉంటాయి. ఈసారి నేల ఉసిరి గురించే చాలామంది అడిగారు. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి వాయిదా వేసి చోటంతా ఈ మొక్కకే ఇస్తున్నాను. మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ పాఠాలు చెబుతూ ఉద్యోగమంతా గడిపినదాన్ని. మొక్కల మందుల్ని పరీక్షించడమంటే నాకు మొదటినుంచీ ప్రాణం. జవాబులు కొంచెం పొడుగ్గా వస్తే ఓపిక పట్టండి.

ముందు ఒక అత్యవసరమైన ఉత్తరం.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల దాటింది. రెండు రోజులుగా కళ్ళు పచ్చగా ఉన్నాయి, అన్నం సయించడం లేదు. ముందు ఊళ్ళో పసరు పోయిద్దాం, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్దాం అంటున్నారు వాళ్ళ అత్తగారు. నేల ఉసిరి చలవ చేసేదే కదా, ఇవ్వొచ్చా?
— ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీరు ఫోన్ నంబరు రాశారు కాబట్టి ఉత్తరం అందిన రోజే మీతో మాట్లాడాం. ఇదే పరిస్థితిలో ఇంకెవరైనా ఉండొచ్చని ఇక్కడ కూడా రాస్తున్నాను. గర్భిణికి కళ్ళు పచ్చబడితే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసరు, పత్యం, ఆదివారం దాకా ఆగడం ఏవీ వద్దు. కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్-ఇ మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అదే వైరస్ చివరి మూడు నెలల గర్భిణికి సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు పోవచ్చు. మగతగా ఉండటం, మాట తడబడటం, వాంతులు ఆగకపోవడం, చిగుళ్ళ నుంచి రక్తం రావడం, వీటిలో ఒక్కటి కనిపించినా గంటలు లెక్కపెట్టాల్సిందే. బిలిరుబిన్‌తో (కళ్ళని పచ్చబరిచే పదార్థం) పాటు రక్తం గడ్డకట్టే సమయం కూడా చూడమని డాక్టరుగారిని అడగండి. కాలేయం ఎంత దెబ్బతిందో ఆ పరీక్షే ముందుగా చెబుతుంది. నేల ఉసిరిని గర్భిణుల మీద సరిగ్గా పరీక్షించినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అత్తగారితో గొడవ పడకండి. ఆవిడ కూడా ఆ పిల్ల మంచే కోరుతున్నారు. ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్ళు, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. కామెర్లొచ్చి ఇంటికి వచ్చినప్పుడు బిలిరుబిన్ 8 ఉంది. పక్క ఊళ్ళో పెద్దాయన దగ్గర మూడు ఆదివారాలు పరగడుపున నేల ఉసిరి పసరు పోయించాం, పత్యం చేయించాం. నెల తిరిగేసరికి 1.2కి వచ్చింది. డాక్టరుగారికి చెబితే "పసరు వల్ల కాదమ్మా, దానంతటదే తగ్గింది" అన్నారు. కళ్ళారా చూసినదాన్ని కాదంటే ఎలా? పని చేసినట్టా, కాదా?
— ఒక గృహిణి, తాడేపల్లిగూడెం

జవాబు: అబ్బాయి కోలుకున్నందుకు చాలా సంతోషం. మీరు చూసింది నిజమే. ముందు 8 ఉంది, తర్వాత 1.2 అయింది. మధ్యలో పసరు పోశారు. ఈ మూడింటిలో అబద్ధమేమీ లేదు. అయితే మీ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నాలుగో సంగతి ఒకటి తెలియాలి. పసరు పొయ్యకపోయి ఉంటే ఏమయ్యేది?

హాస్టల్ కుర్రాళ్ళకి వచ్చే కామెర్లు చాలావరకు హెపటైటిస్-ఎ. వైరస్ ఒంట్లోకి చేరాక దాదాపు నాలుగు వారాలకి రోగం బయటపడుతుంది. కళ్ళు పచ్చబడేనాటికి మలంలో వైరస్ పోవడం అప్పటికే తగ్గుముఖం పడుతుంది, ఒళ్ళు దాన్ని తరిమేసే పనిలో ఉంటుంది. మనం భయపడి పసరు ఇచ్చే మనిషి దగ్గరికి పరిగెత్తేది సరిగ్గా రోగం శిఖరానికి చేరినప్పుడే. అక్కడి నుంచి దిగడం తప్ప వేరే దారి లేదు, నూటికి 99 మంది దిగుతారు కూడా. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ మీకు తెలుసు. కోడి కూసిందీ నిజమే, తెల్లారిందీ నిజమే.

ఇలా అన్నంత మాత్రాన పసరు పని చెయ్యలేదని నేను అంటున్నట్టు కాదు. మీ డాక్టరుగారు కూడా అంత గట్టిగా చెప్పలేరు. ఎందుకంటే ఒక్క అబ్బాయిని చూసి "పని చేసింది" అనడానికి ఎంత ఆధారం ఉందో, "చెయ్యలేదు" అనడానికీ అంతే. రెండు రోజుల ముందే తగ్గించిందేమో, అడ్డుపడి రెండు రోజులు ఆలస్యం చేసిందేమో, ఒక్క మనిషిలో ఎలా కనబడుతుంది?

కనబడాలంటే ఇలా చెయ్యాలి. హెపటైటిస్-ఎ అని రక్తపరీక్షలో తేలిన కుర్రాళ్ళని ఒక వందమందిని తీసుకోవాలి. ఎవరికి పసరు, ఎవరికి పసరులాంటిది అన్నది లాటరీ వేసి తేల్చాలి. మనకి నచ్చినవాళ్ళకి, తేలిగ్గా ఉన్నవాళ్ళకి పసరిచ్చి, నీరసపడినవాళ్ళని అవతలి గుంపులో వేస్తే మొత్తం పాడవుతుంది. తాగేవాళ్ళకీ, తాగించేవాళ్ళకీ, రిపోర్టులు చూసేవాళ్ళకీ ఎవరు ఏది తాగారో తెలియకూడదు. ఇక్కడే చిక్కు. నేల ఉసిరి చేదు, పచ్చి వాసన, ఆకుపచ్చ రంగు, ఇవన్నీ ఉండి మందు మాత్రం లేని ద్రవాన్ని తయారుచెయ్యడం చాలా కష్టం. అందుకే పరిశోధకులు మొక్కని ఎండబెట్టి, పొడి చేసి గొట్టం మాత్రల్లో నింపుతారు. చివరికి రెండు గుంపుల్లోనూ బిలిరుబిన్ మామూలు స్థాయికి రావడానికి ఎన్ని రోజులు పట్టిందో చూస్తారు. తేడా ఉంటే అది మొక్క గొప్పే. అప్పుడు ఏ డాక్టరూ కాదనలేడు.

పత్యం గురించి ఒక మాట. ఉప్పూ నూనే లేని చప్పిడి మెతుకులతో నెలరోజులు ఉంచితే కాలేయానికి ఒరిగేదేమీ లేదు, పిల్లవాడు మాత్రం చిక్కిపోతాడు. సయించినంత మామూలు తిండి పెట్టండి. మద్యం జోలికి మాత్రం పోకూడదు. రోడ్డు మీద చెరకు రసం చలవని పట్టించేవాళ్ళున్నారు. దాంట్లో వేసే ఐసు ఏ నీళ్ళతో చేస్తారో మనకి తెలియదు. ఏ నీళ్ళ వల్ల కామెర్లొచ్చాయో ఆ నీళ్ళే మళ్ళీ తాగిస్తున్నామేమో.

ప్రశ్న: నా వయసు 34. రక్తదానం చేసినప్పుడు హెపటైటిస్-బి పాజిటివ్ అని చెప్పారు. అప్పటి నుంచి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. మా బావగారు ఒక పాత వార్త కాగితం తెచ్చి చూపించారు. నేల ఉసిరి పొడి నెలరోజులు వాడితే వైరస్ పోతుందని పెద్ద మెడికల్ పత్రికలోనే వచ్చిందట, నోబెల్ బహుమతి వచ్చినాయనే చెప్పాడట. ఇది నిజమేనా? నిజమైతే డాక్టర్లు ఎందుకు రాయరు?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నాయనా, మీ బావగారు చూపించింది గాలి కబురు కాదు. ఆ వ్యాసం నిజంగానే వచ్చింది. అది చదివిన రోజు మా డిపార్టుమెంటులో అందరం ఎంత సంబరపడ్డామో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత జరిగింది ఆ కాగితంలో ఉండదు కాబట్టి మొత్తం చెబుతాను.

మద్రాసు విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్.పి. త్యాగరాజన్ బృందం సిద్ధ వైద్యులు, పల్లెటూరి వైద్యులు కామెర్లకి వాడే మొక్కల మీద పనిచేసింది. తమిళులు కీళానెల్లి అనే మన నేల ఉసిరీ, మన గుంటగలగరా హెపటైటిస్-బి వైరస్ పైపొర మాంసకృత్తిని గాజు గొట్టంలో నిర్వీర్యం చేస్తున్నాయని 1982లో ప్రకటించారు. ఈ కబురు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న బరూక్ బ్లంబర్గ్‌కి చేరింది. హెపటైటిస్-బి వైరస్ జాడని మొదట కనిపెట్టింది ఆయనే. దానికే 1976లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతటి మనిషి ఒక పల్లెటూరి మొక్కని తీసి పారెయ్యకుండా తన ప్రయోగశాలలోకి తీసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే. ఉడ్‌చక్ అని ఉడుత జాతికి చెందిన జంతువు ఉంది. దానికి హెపటైటిస్-బికి దగ్గరి చుట్టమైన వైరస్ సోకుతుంది. ఆ జంతువుల్లో మొక్క సారం మంచి ఫలితాలిచ్చిందని 1987లో రాశారు.

1988లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో వచ్చింది మనుషుల మీద చేసిన పరీక్ష. మీ బావగారి కాగితం దీని గురించే అయ్యుండాలి. వైరస్ ఒంట్లో స్థిరపడిపోయిన మద్రాసువాసులకి 30 రోజులు, కొందరికి నేల ఉసిరి పొడి, కొందరికి మందు లేని మాత్ర ఇచ్చారు. అయ్యాక రెండు మూడు వారాలకి రక్తం చూస్తే, మొక్క వాడిన 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు, అంటే ఆ పైపొర మాంసకృత్తి, మాయమైంది. అంటే నూటికి 59. మందు లేని మాత్ర పుచ్చుకున్న 23 మందిలో ఒక్కరికే మాయమైంది. ఈ గుర్తు దానంతటది పోవడం ఏడాదికి నూటికి ఒకరిలో జరిగితే గొప్ప. అలాంటిది నెలరోజుల్లో నూటికి 59 అంటే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. రాసినవాళ్ళు మాత్రం ఇది ప్రాథమిక పరీక్ష మాత్రమేనని, ఇంకా పరీక్షించాలని నిజాయితీగా రాశారు.

పరీక్షించారు కూడా. థాయ్‌లాండ్‌లో అక్కడి మొక్కతో చేసి, వైరస్ పోవడం లేదని 1990లో అదే లాన్సెట్‌కి రాశారు. న్యూజిలాండ్‌లో చేసి, ప్రయోజనం కనబడలేదని 1994లో రాశారు. బాతులకి సోకే ఇదే కుటుంబపు వైరస్ మీదా పని చెయ్యలేదు. చైనాలో ఇదే కుటుంబానికి చెందిన వేరే జాతి మొక్క కొంత మెరుగనిపించింది. చివరికి ఇలాంటి పరీక్షలన్నిటినీ ఒకచోట పోసి జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2011లో 16 పరీక్షల్ని చూసింది. మందు లేని మాత్రతో పోల్చి చూసిన పరీక్ష వాటిలో ఒక్కటే. దాంట్లో తేడా కనబడలేదు. మిగతావాటిలో మొక్కని వేరే మందులతో కలిపి ఇచ్చారు, వాటి నాణ్యత కూడా అంతంతమాత్రం. నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు.

మద్రాసులో వచ్చిన ఫలితం మరెక్కడా ఎందుకు రాలేదు? మొక్కలో తేడా కావచ్చు. ఏ నేలలో పెరిగింది, ఏ నెలలో కోశారు, నీడలో ఎండబెట్టారా ఎండలోనా అన్నదాన్ని బట్టి సారం మారుతుంది. మనుషుల్లో తేడా కూడా కావచ్చు. ఒకవైపు 37, ఇంకోవైపు 23 మందే లెక్కకి వచ్చిన చిన్న పరీక్షలో అదృష్టం పాత్ర కూడా ఉంటుంది. ఈ చిక్కుముడి పూర్తిగా విడిపోలేదు. విడిపోలేదు కాబట్టి ఆ 59 శాతాన్ని నమ్ముకుని మీ కాలేయాన్ని పణంగా పెట్టమని నేను చెప్పలేను. డాక్టర్లు రాయకపోవడానికి కారణం కూడా అదే. మొక్కంటే చిన్నచూపుతో చదవకుండా తోసిపుచ్చేవాళ్ళు లేకపోలేదు. అది నాకు బాధగానే ఉంటుంది. కానీ ఈ మొక్క విషయంలో చదివినవాళ్ళు కూడా రాయరు.

ఇక మీరు చెయ్యాల్సింది. పాజిటివ్ అనగానే మందు వాడాలని లేదు. రక్తంలో వైరస్ ఎంత ఉంది, కాలేయపు ఎంజైములు ఎలా ఉన్నాయి, కాలేయం గట్టిపడిందా అన్నవి చూసి నిర్ణయిస్తారు. అవసరమైతే టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలున్నాయి. అవి వైరస్‌ని చాలామందిలో తుడిచెయ్యవు, అణిచి ఉంచుతాయి. కాలేయం చెడిపోకుండా, క్యాన్సర్ ముప్పు తగ్గేలా కాపాడతాయి. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 నుంచి నడుస్తోంది. పరీక్షలు, మందులు దాని కింద ఉచితం. మీ ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు చెప్పి అడగండి. మందు అక్కర్లేదన్నా డాక్టరు చెప్పిన గడువుకల్లా మళ్ళీ చూపించుకోవడం మానకండి.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్ళకి టీకా వేయించండి. ఈ వ్యాధికి మొదటి టీకా పద్ధతిని రూపొందించింది కూడా బ్లంబర్గే, ఇర్వింగ్ మిల్‌మన్ అనే సహచరుడితో కలిసి. 1987 నాటి నేల ఉసిరి వ్యాసంలో ఆ మిల్‌మన్ పేరు కూడా ఉంది. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చే ఆ టీకా సామాన్యుడు కొనలేనంత ఖరీదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు షాన్‌వాక్-బి తయారుచేశాక అందుబాటులోకి వచ్చింది. అదే వైరస్ మీదికి ఒకే మనుషులు రెండు దారుల్లో వెళ్ళారు. రెండు దారులకీ పరీక్షలు పెట్టారు. ఒకటి నిలబడింది. ఇవాళ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకి పోలియో చుక్కలతో పాటు 24 గంటల్లోపు తొడకి వేసే సూదుల్లో ఒకటి అదే.

ప్రశ్న: మా కుండీల్లో నేల ఉసిరి రెండు రకాలు మొలిచింది. ఒకదాని కాడ ఎర్రగా ఉంది. ఏది అసలుది?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ ఒకే కుటుంబం. కాడ పచ్చగా ఉండి, రెమ్మ కింద వరసగా వేలాడే చిన్న కాయలు నున్నగా, చిన్న తొడిమతో ఉంటే పరిశోధనల్లో ఎక్కువగా వాడిన ఫిల్లాంథస్ అమారస్ కావచ్చు. కాడ ఎర్రబారి, కాయలు గరుకుగా, తొడిమ లేనట్టే రెమ్మకి అతుక్కుని ఉంటే ఫిల్లాంథస్ యురినేరియా. పాత పుస్తకాల్లో మన మొక్కకి ఫిల్లాంథస్ నిరూరి అనే పేరు పెట్టేవారు. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. ఆ గందరగోళం వల్ల పాత వ్యాసాల్లో ఏ మొక్కని పరీక్షించారో తేల్చుకోవడం ఇవాళ్టికీ కష్టమే. కుండీలోది ఉంచుకోండి, అందంగా ఉంటుంది. పొలం గట్ల మీదా, రోడ్డు పక్కనా పీకింది మాత్రం నోట్లో వేసుకోవద్దు. ఇప్పుడు గట్లన్నిటి మీదా గడ్డిమందు కొడుతున్నారు.

ప్రశ్న: నేను ఎం.ఫార్మసీ విద్యార్థిని. నేల ఉసిరి సారం ఇచ్చిన ఎలుకల్లో, పారాసిటమాల్ వల్ల పెరిగే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు) చాలా తగ్గాయి. కాలేయానికి వాడే సిలిమరిన్ అనే మొక్క మందుతో సమానంగా వచ్చింది. మా గైడ్‌గారు "కాలేయాన్ని కాపాడుతుంది" అని ముగింపు రాయమన్నారు. రాయొచ్చా మేడమ్?
— గుంటూరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఇంత శ్రద్ధగా అడిగినందుకే నిన్ను మెచ్చుకోవాలమ్మా. ముందు ఒక్కటి చూడు. మొక్క సారం ఎప్పుడు ఇచ్చావు? పారాసిటమాల్‌కి ముందు వారం రోజులు ఇచ్చి ఉంటావు. దాదాపు అందరూ అలాగే చేస్తారు. పారాసిటమాల్ తనంతట తాను కాలేయాన్ని చంపదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని విషంగా మారుస్తాయి. నీ మొక్క ఆ ఎంజైముల్ని అడ్డుకున్నా సరే, విషమే తయారవ్వక ఎస్‌జీపీటీ పెరగదు. అప్పుడది కాలేయాన్ని బాగుచేసినట్టు కాదు, పారాసిటమాల్‌ని ఆపినట్టు. ఇంకా చెప్పాలంటే, అలా ఎంజైముల్ని ఆపే మొక్క మనిషి వాడుతున్న వేరే మందులతో గొడవ పెట్టుకుంటుంది. అందుకని ఇంకో గుంపులో పారాసిటమాల్ ఇచ్చిన కొన్ని గంటల తర్వాత సారం ఇచ్చి చూడు. రోగి మన దగ్గరికి వచ్చేది కాలేయం దెబ్బతిన్నాకే కదా.

మోతాదు కూడా లెక్కవెయ్యి. ఎలుకకి కిలోకి 200 మిల్లీగ్రాములు ఇచ్చావనుకుందాం. మనిషికి మార్చేటప్పుడు 6.2తో భాగిస్తాం. కిలోకి 32 వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకి దాదాపు రెండు గ్రాముల సారం. పది గ్రాముల ఎండు మొక్కకి ఒక గ్రాము సారం దిగిందనుకుంటే రోజుకి ఇరవై గ్రాముల ఎండు మొక్క. ఏ పల్లెటూరి వైద్యుడైనా అంత ఇస్తున్నాడా? లేకపోతే నీ ఫలితం ఆయన వైద్యాన్ని పరీక్షించినట్టు కాదు.

ఎలుకల్ని గుంపులుగా విడదీసేటప్పుడు లాటరీ వేశావా? కాలేయపు స్లయిడ్లు చూసిన పాథాలజిస్టుకి ఏది ఏ గుంపుదో తెలియకుండా ఉంచావా? మొక్కని వృక్షశాస్త్రజ్ఞుడి చేత గుర్తింపచేసి, ఎండబెట్టిన నమూనాని నంబరుతో హెర్బేరియంలో పెట్టావా? సారంలో ఫిల్లాంథిన్ (నేల ఉసిరిలో ఉండే ఒక పదార్థం) ఎంత ఉందో కొలిచావా? ఇవి రాస్తే నీ థీసిస్‌ని రేపు ఇంకొకరు తీసుకుని ముందుకెళ్ళగలరు. మన తెలుగు రాష్ట్రాల ఫార్మసీ కాలేజీల్లో ఎలుకలకి కామెర్లు తగ్గించిన మొక్కల థీసిస్‌లు బీరువాల నిండా ఉన్నాయి. వాటిలో మనిషి దాకా వెళ్ళినవి ఎక్కడా నా కంటబడలేదు. అది తలుచుకుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. ఎంత చెమట, ఎన్ని ప్రాణాలు!

ముగింపులో ఇలా రాయి: "ఈ మోతాదులో, పారాసిటమాల్‌కి ముందు ఇచ్చినప్పుడు, ఎలుకల్లో ఎంజైములు తక్కువగా పెరిగాయి." గైడ్‌గారు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించు.

ప్రశ్న: నేను కొనే లివర్ టానిక్ సీసా మీద ఆయుర్వేద లైసెన్స్ నంబరు ఉంది. అంటే ప్రభుత్వం పరీక్షించి ఇచ్చినట్టే కదా?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: మీరనుకుంటున్న అర్థంలో కాదండీ. 1940 నాటి ఔషధ చట్టం కొన్ని ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల జాబితా ఇస్తుంది. వాటిలో ఉన్న యోగాన్ని, అంటే మందు కూర్పుని, అదే పద్ధతిలో, అదే రోగానికి తయారుచేస్తే లైసెన్స్ కోసం మనుషుల మీద కొత్తగా పరీక్ష చెయ్యనక్కర్లేదు. కంపెనీలు సొంతంగా కలిపిన వాటికి ఆధారాలు కొంత అడుగుతారు. కానీ ఇంగ్లీషు మందుల కొత్త అణువుకి పెట్టేంత పెద్ద పరీక్షలు ఉండవు. నంబరు ఉంటే ఫలానా చోట, ఫలానా నిబంధనల కింద తయారైందని తెలుస్తుంది. అది కూడా ముఖ్యమే, నంబరు లేనిది అసలు కొనకండి. మనుషుల మీద పరీక్ష జరిగిందో లేదో తెలుసుకోవాలంటే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. 2009 జూన్ నుంచి మందుల పరీక్షల్ని మొదలుపెట్టే ముందే అందులో నమోదు చెయ్యాలి. మీ మనవడి చేత మొక్క పేరు కొట్టించి చూడండి, ఎవరైనా చూడొచ్చు.

ప్రశ్న: మా తాతగారు పార్వతీపురం దగ్గర కామెర్లకి పసరు ఇస్తారు. డబ్బు తీసుకోరు. నేల ఉసిరితో పాటు ఇంకో రెండు ఆకులు కలుపుతారు. అవి ఎవరికైనా చెబితే మందు పని చెయ్యదంటారు. నేను డిగ్రీ చదివాను. దీన్ని సరిగ్గా పరీక్ష చేయించాలని ఉంది. ఎవరైనా కాజేస్తారేమోనని భయం కూడా ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక యువకుడు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. తాతగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఆయన భయానికి కారణం ఉంది. తరతరాలుగా వచ్చిన విద్యని ఎవరో తీసుకెళ్ళి లాభం చేసుకున్న ఉదంతాలు ఉన్నాయి. దానికి ఎదురుగా మంచి ఉదాహరణ కూడా ఒకటుంది. కేరళలో అగస్త్యమల దగ్గర కాణి గిరిజనులు అలసట రాకుండా ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు తింటారు. 1987లో అడవిలోకి వెళ్ళిన శాస్త్రవేత్తలకి వాళ్ళే దాన్ని చూపించారు. దాంతో తిరువనంతపురం వృక్షోద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన జీవని అనే మందుని 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి పది లక్షల రూపాయలకీ, అమ్మకాల మీద రెండు శాతానికీ ఇచ్చి, వచ్చినదాంట్లో సగం కాణివాళ్ళ ట్రస్టుకి కేటాయించారు. ఆ ఒప్పందం మీద కూడా విమర్శలు వచ్చాయి. అయినా చెప్పినవాళ్ళకి వాటా ఉంటుందన్న దారి పడింది. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం కూడా ప్రయోజనాల్లో వాటా గురించి చెబుతుంది. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ, దాని రిజిస్టరు ఉండాలి. అక్కడ తాతగారి పేరుతో ఆ విద్యని నమోదు చేయించడం గురించి అడగండి. ఆకుల పేర్లు బయటపెట్టకుండా ఎంతవరకు రాయొచ్చో ముందే మాట్లాడుకోండి. గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఇలాంటి సంప్రదాయ వైద్యాన్ని, చెప్పినవాళ్ళ పేరుతోనే నమోదు చేసి పరీక్షలకి పంపుతుంది. వాళ్ళకీ రాయండి.

పరీక్షలకి ముందే మీరొక్కరే చెయ్యగలిగిన పని ఒకటుంది. ఒక నోటు పుస్తకం పెట్టండి. వచ్చిన ప్రతి మనిషి వయసు, కళ్ళు ఎప్పుడు పచ్చబడ్డాయి, రక్తపరీక్షలో ఏముంది, ఏ వైరస్, మద్యం అలవాటుందా, పసరు ఏ రోజు ఎంత ఇచ్చారు అన్నవి రాయండి. రక్తపరీక్ష లేకుండా వచ్చినవాళ్ళని ముందు పరీక్షకి పంపండి. పిత్తనాళంలో రాయి వల్లా, క్యాన్సర్ వల్లా వచ్చే కామెర్లకి పసరు పోస్తూ కూర్చుంటే ఆపరేషన్‌కి సమయం మించిపోతుంది. నెల తర్వాత అందరికీ ఫోన్ చెయ్యండి. ముఖ్యంగా మళ్ళీ రానివాళ్ళకి. తగ్గినవాళ్ళు కొబ్బరికాయ పట్టుకుని తాతగారి దగ్గరికి వస్తారు. తగ్గనివాళ్ళు ఆసుపత్రికి పోతారు, కొందరు అసలే ఉండరు. ఇన్నేళ్ళూ తాతగారికి కనబడింది వచ్చినవాళ్ళే. ఆ పుస్తకం ఉంటే ఏ పరిశోధకుడైనా మీతో గౌరవంగా కూర్చుని మాట్లాడతాడు.

గర్భిణులకి, పసిపిల్లలకి, మగతగా ఉన్నవాళ్ళకి పసరు ఇవ్వకుండా నేరుగా ఆసుపత్రికి పంపమని తాతగారిని నా మాటగా అడగండి. మీ ఊళ్ళో ఆయన చెబితే వింటారు. చేతి మీద వాత పెట్టే అలవాటు అక్కడ ఉంటే అది మాత్రం ఇవాళే ఆపించండి.

మొక్కల్ని పూతతో, కాయతో ఉన్నప్పుడే, వేళ్ళతో సహా తీసి పాత న్యూస్‌పేపర్ల మధ్య బరువు పెట్టి ఎండబెట్టండి. ప్రతిదాని మీదా తేదీ, చోటు రాయండి. మీ దగ్గర్లోని విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో చూపించి, మూడు ఆకుల శాస్త్రీయ నామాలు రాయించుకోండి. కలిపే పాళ్ళు అప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ నామాలు చేతికొచ్చాక ఈ శీర్షిక పేరు మీద మళ్ళీ ఉత్తరం రాయండి. మిగతా రెండు ఆకుల్లో కాలేయానికి హాని చేసేది ఏదైనా ఉందేమో ముందు అది చూద్దాం.